విదేశీ మారకపు బ్రోకరు: చట్టబద్ధుడా? నమ్మదగినవాడా?

భిలాయి ఉక్కు కర్మాగారాన్ని ఆశ్రయించి పెరిగిన హథ్‌ఖోజ్ పారిశ్రామిక ప్రాంతం మన పాఠకులలో చాలామందికి పరిచితమైనదే. పోత పనులు, ఫాబ్రికేషన్ పనులు, యంత్రాల విడిభాగాల తయారీ సాగే షెడ్లు అక్కడ వరుసగా ఉంటాయి. మన కర్మాగారంలో పదవీ విరమణ చేసినవారి పిల్లలు ఎందరో ఆ షెడ్లలో ఉపాధి పొందుతున్నారు. కొన్ని నెలల క్రితం ఒక శనివారం సాయంత్రం, అటువంటి ఒక షెడ్డు ఎదుటి టీ కొట్టు వద్ద, ఒక పెద్దాయన తన సెల్‌ఫోను మా చేతిలో పెట్టి ఒక ప్రశ్న అడిగారు. ఆ ప్రశ్నకు మేము వెదికిన సమాధానమే ఈ వ్యాసం.

ఆయన శ్రీకాకుళం ప్రాంతం నుంచి చిన్నతనంలోనే తండ్రి వెంట భిలాయి చేరినవారు. రైల్ అండ్ స్ట్రక్చరల్ మిల్లులో ముప్పయ్యొక్క సంవత్సరాలు పనిచేశారు. కుమారుడు హథ్‌ఖోజ్‌లో లేతు మీద పనిచేస్తాడు. కుమార్తె వివాహం వచ్చే మాఘంలో జరిపించాలన్నది సంకల్పం. పదవీ విరమణ సొమ్ములో ఆరు లక్షల రూపాయలు ఆ వివాహం కోసమే బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్‌గా ఉంచారు.

"బాబూ, వీళ్లకి లండన్ లైసెన్సు ఉందట. కాయితం కూడా పంపించారు. ఒకసారి చూసి, మంచిదో కాదో చెప్పండి" అన్నారు.

డాలర్లు, యూరోలు కొని అమ్మే ఒక సంస్థ అది. మూడు వారాలుగా ఒక యువతి రోజూ ఫోను చేసి, 'అంకుల్‌జీ' అని హిందీలో ఆప్యాయంగా పలకరిస్తూ, ఎప్పుడు కొనాలో ఎప్పుడు అమ్మాలో చెబుతున్నది. పెద్దాయన రెండు దఫాలుగా 25,000 రూపాయలు పంపారు. ఫోను తెర మీద అది 41,300 రూపాయలైనట్లు కనిపిస్తున్నది. సోమవారం నాడు డిపాజిట్ రద్దు చేసుకుని ఆరు లక్షలూ పంపితే 'గోల్డ్ ఖాతా' ఇస్తామన్నారు. డిపాజిట్ రద్దు ఫారం అప్పటికే పూరించి బ్యాంకులో ఇచ్చి వచ్చారు కూడా. అంటే మాకు మిగిలినది ఒక్క ఆదివారం.

పెద్దాయన ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. ఈ సంస్థ మన దేశంలో ఈ వ్యాపారం చేయడానికి చట్టం అనుమతిస్తున్నదా అన్నది మొదటిది. మన సొమ్ము పట్ల నిజాయితీగా వ్యవహరిస్తుందా అన్నది రెండవది. సాధారణంగా మనం రెండవదానినే ముందు పరీక్షిస్తాము. యాప్ ఎంత హుందాగా ఉన్నది, మాట ఎంత మర్యాదగా ఉన్నది, మొదట పంపిన చిన్న మొత్తం వెనక్కి వచ్చిందా అని చూస్తాము. ఈ పరీక్షలన్నిటిలోనూ మోసగాడు సులభంగా ఉత్తీర్ణుడవుతాడు, ఎందుకంటే ప్రశ్నపత్రం తయారుచేసేదీ అతడే. మొదటి ప్రశ్నకు మాత్రం సమాధానం అతని చేతిలో లేదు. అది రిజర్వు బ్యాంకు వద్ద, సెబీ వద్ద ఉన్నది. దానిని కనుగొనడానికి ఒక్క రూపాయి పంపనక్కరలేదు. కనుక వరుస మార్చి, చట్టంతోనే మొదలుపెట్టాము.

చట్టం ఏమంటున్నది?

మన దేశంలో విదేశీ మారకపు లావాదేవీలను 1999 నాటి విదేశీ మారక నిర్వహణ చట్టం నియంత్రిస్తున్నది. వాడుకలో ఫెమా అంటారు. ఇది 2000 జూన్ 1న అమలులోకి వచ్చి, అంతకు పూర్వం ఉన్న 1973 నాటి ఫెరా చట్టాన్ని తొలగించింది. ఫెరా రోజులలో డాలరు జేబులో ఉండడమే ఒక భయం. ఫెమా వచ్చాక ఆ భయం తగ్గింది, కాని 'ఇప్పుడు ఎవరైనా ఎవరితోనైనా డాలర్ల వ్యాపారం చేయవచ్చు' అన్న అపోహ దాని స్థానంలో వచ్చి కూర్చున్నది. వాస్తవం వేరు. దేశంలో నివసించేవారు రిజర్వు బ్యాంకు అధికారం పొందిన వ్యక్తులతోనే, అనుమతించిన ప్రయోజనాలకే విదేశీ మారకపు లావాదేవీలు చేయాలి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో చేసేదైతే రిజర్వు బ్యాంకు అనుమతించిన వేదికల మీద గాని, గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజీలైన నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్, బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజ్, మెట్రోపాలిటన్ స్టాక్ ఎక్స్ఛేంజీల మీద గాని చేయాలి.

ఎక్స్ఛేంజీ మీద కరెన్సీ ఫ్యూచర్స్ వ్యాపారం 2008 ఆగస్టు 29న డాలరు-రూపాయి కాంట్రాక్టుతో మొదలైంది. ఒక్కో కాంట్రాక్టు 1,000 డాలర్లకు. 2010లో యూరో, పౌండు, యెన్‌లకు రూపాయితో జతలు వచ్చాయి. రూపాయి ప్రమేయం లేని యూరో-డాలరు, పౌండు-డాలరు, డాలరు-యెన్ జతలను 2018 నుంచి ఇక్కడి ఎక్స్ఛేంజీల మీద నడుపుతున్నారు. చట్టం తెరిచిన వాకిలి ఇంతే. మన పెద్దాయన ఫోనులో యూరో-డాలరుతో పాటు బంగారం, ముడిచమురు, ఆస్ట్రేలియా డాలరు-కెనడా డాలరు వంటి జతలు కూడా కనిపించాయి. ఒక భారతీయ ఎక్స్ఛేంజీ పేరు మాత్రం ఎక్కడా లేదు. వస్తువుల పట్టిక చూసినప్పుడే దుకాణం మనది కాదని తెలిసిపోయింది.

అసలు ఈ కాంట్రాక్టులు ఎవరి కోసం పుట్టాయో ఇక్కడ చెప్పుకోవాలి. మన ఉక్కు పరిశ్రమకు కోకింగ్ బొగ్గు విదేశాల నుంచి రావాలి, దానికి డాలర్లలో చెల్లించాలి. రూపాయి పడిపోతే బొగ్గు ఖరీదు పెరుగుతుంది. ఆ నష్టాన్ని ముందుగానే అదుపు చేసుకోవడానికి ఏర్పడిన సాధనాలు ఇవి. (ఈ బెడద లేని రోజులూ ఉండేవి. 1955 ఫిబ్రవరి 2 నాటి ఒప్పందం ప్రకారం సోవియట్ యూనియన్ మన కర్మాగారానికి ఇచ్చిన అప్పును 2.5 శాతం వడ్డీతో, 12 వార్షిక వాయిదాలలో, రూపాయలలోనే తీర్చేలా ఏర్పాటు జరిగింది.) హథ్‌ఖోజ్‌లో ఎగుమతి ఆర్డరు చేతిలో ఉన్న ఒక పోత పరిశ్రమ యజమానికి కూడా ఇవి ఉపయోగపడతాయి. జీతం, పింఛను రూపాయలలో పొంది, ఖర్చు రూపాయలలో పెట్టే ఉద్యోగికి డాలరుతో ఉన్న సంబంధం ఏమిటి? రిజర్వు బ్యాంకు 2024లో సరిగ్గా ఈ ప్రశ్ననే అడిగింది. ఆ సంవత్సరం జనవరి 5న జారీచేసి, మే 3 నుంచి అమలు జరిపిన ఆదేశాల ప్రకారం, ఎక్స్ఛేంజీలో కరెన్సీ కాంట్రాక్టు తీసుకునేవారికి దానికి ఆధారమైన నిజమైన విదేశీ మారకపు లావాదేవీ ఉండాలి. 10 కోట్ల డాలర్ల వరకు పత్రాలు చూపనక్కరలేదు. అయితే పత్రం అడగకపోవడం వేరు, లావాదేవీ లేకపోయినా ఫర్వాలేదనడం వేరు. ఈ స్పష్టీకరణ తర్వాత ఆ మార్కెట్లో వ్యాపారం బాగా తగ్గిపోయింది.

మరొక మాట తరచుగా వినిపిస్తుంది: "సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్లు విదేశాలకు పంపుకోవచ్చని రిజర్వు బ్యాంకే చెప్పింది కదా!" నిజమే, సరళీకృత ప్రేషణ పథకం కింద 2,50,000 డాలర్ల వరకు చదువుకు, వైద్యానికి, ప్రయాణానికి, విదేశీ షేర్లలో పెట్టుబడికి పంపుకోవచ్చు. కాని విదేశీ ఎక్స్ఛేంజీలకు, అక్కడి వ్యాపారులకు మార్జిన్ సొమ్ము పంపడానికీ, విదేశాలలో కరెన్సీ వ్యాపారం చేయడానికీ ఆ పథకం వర్తించదు. ఈ నిషేధాన్ని దాటినవారిపై ఫెమా 13వ సెక్షను ప్రకారం లావాదేవీ మొత్తానికి మూడు రెట్ల వరకు జరిమానా పడవచ్చు. మోసపోయిన మనిషి ఫిర్యాదు చేయడానికి జంకడానికి కారణాలలో ఇదొకటి. అవతలివారికి ఈ జంకు గురించి బాగా తెలుసు.

జాబితాలో ఉన్నవారు, లేనివారు

రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు 7న ఒక హెచ్చరిక జాబితా విడుదల చేసింది. మన దేశంలో విదేశీ మారకపు వ్యాపారం చేయడానికీ, వేదిక నడపడానికీ అనుమతి లేని సంస్థల పేర్లు అందులో ఉన్నాయి. మొదట 34 పేర్లు. 2023 నవంబరు నాటికి 75. 2024 అక్టోబరు నాటికి 88. మేము ఆదివారం ఉదయం మొట్టమొదట తెరిచినది ఈ జాబితానే. పెద్దాయన సంస్థ పేరు అందులో లేదు.

ఆయన ముఖం వికసించింది. "చూశారా, మంచిదే కదా!" అన్నారు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. ఇది దొంగల జాబితా కాదు, దొరల జాబితా అంతకంటే కాదు. జాబితాలో లేనంత మాత్రాన ఏ సంస్థకూ అనుమతి ఉన్నదని భావించరాదని రిజర్వు బ్యాంకే అందులో స్పష్టంగా చెప్పింది. నిన్న పుట్టిన సంస్థ పేరు నేటి జాబితాలో ఎలా ఉంటుంది? చూడవలసినది రెండవ జాబితా, అంటే అనుమతి పొందినవారి పట్టిక. అధీకృత వ్యక్తుల పేర్లు, అనుమతి పొందిన ఎలక్ట్రానిక్ వేదికల పేర్లు రిజర్వు బ్యాంకు ప్రకటిస్తుంది. బ్యాంకు ఖాతాదారులు డాలర్లు కొని అమ్ముకోవడానికి క్లియరింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 2019 ఆగస్టు నుంచి నడుపుతున్న ఎఫ్‌ఎక్స్-రిటైల్ అటువంటి వేదికే. ఎక్స్ఛేంజీలో వ్యాపారం చేయించే బ్రోకర్ల పేర్లు సెబీ పట్టికలో ఉంటాయి. వారి నమోదు సంఖ్య ఐ.ఎన్.జెడ్. అక్షరాలతో మొదలవుతుంది. ఈ పట్టికలలో దేనిలోనూ పెద్దాయన సంస్థ లేదు. సమాధానం అక్కడితోనే పూర్తయింది, కాని ఆయన మనసుకు తృప్తి కలగలేదు. "మరి లండన్ కాయితం?" అన్నారు.

ఆ ప్రశ్నను తేలికగా తీసిపారేయలేము. రిజర్వు బ్యాంకు తొలి జాబితాలోని 34 పేర్లలో ఐజీ మార్కెట్స్ ఉన్నది, టీడీ అమెరిట్రేడ్ ఉన్నది. ఒకటి బ్రిటన్‌లో, మరొకటి అమెరికాలో అక్కడి ప్రభుత్వ నియంత్రణ కింద దశాబ్దాలుగా నడిచిన పెద్ద సంస్థలు. వాటిని ఎవరూ దొంగ సంస్థలనలేదు. ఇక్కడ వ్యాపారం చేయడానికి అనుమతి లేదన్నారు, అంతే. లండన్‌లో బస్సు నడపడానికి ఇచ్చిన లైసెన్సు చూపి సుపేలా చౌరస్తాలో బస్సు నడుపుతానంటే పోలీసు ఒప్పుకుంటాడా? కాబట్టి ఆ కాగితం నిజమైనదే అనుకున్నా, మన మొదటి ప్రశ్నకు అది సమాధానం కాదు.

అయినా ఆ కాగితాన్నీ చూశాము. అందులో రెండు భాగాలున్నాయి. ఒకటి కరీబియన్ సముద్రంలోని సెయింట్ విన్సెంట్ అండ్ గ్రెనడీన్స్‌లో కంపెనీగా నమోదైనట్లు ధ్రువపత్రం. ఆ దేశంలో కంపెనీ నమోదు చేసుకోవడం వేరు, వ్యాపారానికి లైసెన్సు పొందడం వేరు. కరెన్సీ బ్రోకరు వ్యాపారానికి తాము లైసెన్సులే ఇవ్వడం లేదని అక్కడి ఆర్థిక సేవల సంస్థ స్వయంగా ప్రకటించింది. రెండవ భాగంలో బ్రిటన్ నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ ఇచ్చినట్లుగా ఒక సంఖ్య ఉన్నది. ఆ సంఖ్యను ఎఫ్‌సీఏ పట్టికలో వెదికాము. సంఖ్య నిజమైనదే! కాని అది వేరొక సంస్థది. పేరులో ఒక్క మాట తేడా, చిరునామా వేరు, ఫోను నంబరు వేరు. ఒకరి సంఖ్యను మరొకరు తగిలించుకోవడం ఈ రంగంలో ఎంత మామూలంటే, అటువంటి నకలు సంస్థల గురించి ఎఫ్‌సీఏ ప్రత్యేకంగా హెచ్చరికలు వెలువరిస్తుంటుంది. మన సెబీ సంఖ్యల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. సంఖ్య ఒక్కటే సరిపోలితే చాలదు. పేరు, చిరునామా, ఫోను, ఈమెయిలు అన్నీ సెబీ పట్టికలో ఉన్నట్లే ఉండాలి. మాట్లాడదలచుకుంటే ఆ పట్టికలోని నంబరుకే మనం ఫోను చేయాలి. వారు ఇచ్చిన నంబరుకు ఫోను చేసి 'మీరు నిజమేనా' అని అడగడం వల్ల ప్రయోజనం లేదు.

సొమ్ము ఎవరి ఖాతాకు వెళ్లింది?

మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దాయన కుమారుడు బ్యాంకు పాస్‌బుక్కు తెచ్చాడు. 25,000 రూపాయలు రెండు దఫాలుగా వెళ్లాయన్నాము కదా. మొదటి దఫా వెళ్లినది ఒక కిరాణా దుకాణం పేరిట ఉన్న ఖాతాకు. రెండవది వేరొక రాష్ట్రంలోని ఒక వ్యక్తి సొంత ఖాతాకు. లండన్ సంస్థకు కట్టిన సొమ్ము కిరాణా దుకాణానికి ఎందుకు వెళ్లింది? "అది మా ఏజెంటు ఖాతా, పన్ను ఇబ్బందులు లేకుండా" అని ఆ యువతి చెప్పిందట.

కాగితాలను నకలు చేయవచ్చు, కాని సొమ్ము నడిచే దారిని దాచడం కష్టం. సెబీ వద్ద నమోదైన బ్రోకరు ఖాతాదారు సొమ్మును తన సంస్థ పేరిట ఉన్న ఖాతాలోకే, అదీ ఖాతాదారు సొంత బ్యాంకు ఖాతా నుంచే తీసుకోవాలి. దీనిని సులభంగా గుర్తించడానికి సెబీ 2025 అక్టోబరు 1 నుంచి ఒక పద్ధతి తెచ్చింది. నమోదైన సంస్థల యూపీఐ చిరునామాలో 'వ్యాలిడ్' అన్న మాట ఉంటుంది, బ్రోకరైతే దాని ముందు 'బి.ఆర్.కె.' అక్షరాలు ఉంటాయి, చెల్లించే సమయంలో ఆకుపచ్చ త్రికోణంలో బొటనవేలు గుర్తు కనిపిస్తుంది. 'సెబీ చెక్' అన్న సదుపాయంలో ఖాతా సంఖ్యను కూడా సరిచూసుకోవచ్చు. వ్యక్తి పేరిట, దుకాణం పేరిట, రోజుకొక కొత్త పేరిట చెల్లించమన్న క్షణంలోనే పరీక్ష ముగిసినట్లు భావించాలి.

ఈ అద్దె ఖాతాల సంగతి భిలాయి వారికి మేము చెప్పనక్కరలేదు. భిలాయికి చెందిన ఇద్దరు దుబాయి నుంచి నడిపించారని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఆరోపించిన మహాదేవ్ బెట్టింగ్ యాప్ వ్యవహారం 2023లో దేశమంతా మారుమోగింది. పందెపు సొమ్మును బినామీ బ్యాంకు ఖాతాల ద్వారా తరలించారన్నది ఆ దర్యాప్తులో ప్రధానమైన ఆరోపణ. 'నీ పాస్‌బుక్కు, సిమ్ము ఇవ్వు, నెలకు ఇంత ఇస్తాం' అని ఎవరైనా అడిగితే మన పిల్లలు ఇవ్వకుండా చూడడం కూడా ఈ విషయంలో భాగమే. ఒక ఇంటి పెద్దాయన పోగొట్టుకున్న సొమ్ము మరొక ఇంటి కుర్రవాడి ఖాతాలో తేలితే, పోలీసులు మొదట తలుపు తట్టేది ఆ కుర్రవాడి ఇంటికే.

ఇక తెర మీది 41,300 రూపాయల సంగతి. అందులో 5,000 వెనక్కి తీసుకుంటానని అప్పటికప్పుడు పెద్దాయన చేత సందేశం పెట్టించాము. పది నిమిషాలలో జవాబు వచ్చింది: లాభం మీద 30 శాతం పన్ను ముందుగా కట్టాలట, కట్టిన గంటలో మొత్తం సొమ్ము విడుదల చేస్తారట. పన్ను వ్యవహారం తెలిసినవారికి ఇంతకంటే రుజువు అక్కరలేదు. పన్ను కట్టవలసినది ప్రభుత్వానికి, చలానా మీద. మినహాయించవలసి వస్తే ఇచ్చే సొమ్ములోనే మినహాయించుకుని ఇస్తారు. ఇవ్వడానికి ముందు మన దగ్గరే వసూలు చేయరు.

కుమారుడు అప్పటివరకు మౌనంగా ఉన్నాడు. "నాన్నా, ఆ నలభై ఒక్క వేలు ఎక్కడా లేవు. అది బొమ్మ" అన్నాడు. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు.

చట్టబద్ధుడైనంత మాత్రాన

రెండవ ప్రశ్న ఇంకా మిగిలి ఉన్నది. నమోదు ఉన్న ప్రతి బ్రోకరూ నమ్మదగినవాడేనా? కాదు. దీనికి మన హైదరాబాదులోనే పెద్ద ఉదాహరణ ఉన్నది. కార్వీ స్టాక్ బ్రోకింగ్ సెబీ వద్ద నమోదైన సంస్థ, మన తెలుగు మధ్యతరగతి ఇళ్లలో బాగా వినిపించిన పేరు. ఖాతాదారుల షేర్లను వారికి తెలియకుండా తాకట్టుపెట్టి అప్పులు తెచ్చిందన్న కారణంతో సెబీ 2019 నవంబరు 22న దానిపై ఆంక్షలు విధించింది. 2020 నవంబరులో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ దానిని డిఫాల్టరుగా ప్రకటించింది. 2021 ఆగస్టులో సంస్థ అధిపతి అరెస్టయ్యారు. 2023లో దాని నమోదును సెబీ రద్దు చేసింది.

మరి చట్టబద్ధత వల్ల ఒరిగినదేమిటి అని పాఠకులు అడగవచ్చు. ఒరిగినది ఇది: 2019 డిసెంబరు మొదటి వారంలోనే దాదాపు 83,000 మంది ఖాతాదారులకు వారి షేర్లు తిరిగి చేరాయి. షేర్లు బ్రోకరు ఇంట్లో కాక ఎన్‌ఎస్‌డీఎల్ అనే డిపాజిటరీలో నమోదై ఉన్నాయి కనుక అది సాధ్యమైంది. ఖాతాదారులందరికీ అంత త్వరగా న్యాయం జరిగిందని మేము అనడం లేదు. కాని తట్టడానికి ఒక తలుపు, అడగడానికి ఒక అధికారి, చూపడానికి ఒక లెక్క ఉన్నాయి. అనుమతి లేని విదేశీ బ్రోకరు విషయంలో ఈ మూడింటిలో ఏదీ ఉండదు.

విదేశాలలో పెద్ద పేరున్నవారి చరిత్ర కూడా ఇటువంటిదే. 2015 జనవరి 15న స్విట్జర్లాండ్ కేంద్ర బ్యాంకు, యూరోకు 1.20 ఫ్రాంకులన్న కనీస రేటును హఠాత్తుగా ఎత్తివేసింది. ఆ దెబ్బకు బ్రిటన్‌లో లైసెన్సు ఉన్న ఆల్పారీ యూకే దివాలా తీసింది. అమెరికాలోని ఎఫ్‌ఎక్స్‌సీఎం 30 కోట్ల డాలర్ల అప్పుతో అప్పటికి గట్టెక్కింది. కాని ఖాతాదారుల ఎదుటి పక్షాన తన ప్రయోజనం ఉన్న సంగతిని దాచిందన్న అభియోగంపై 2017 ఫిబ్రవరిలో 70 లక్షల డాలర్ల జరిమానాకు గురై అమెరికా మార్కెట్ నుంచి తప్పుకున్నది. ఆల్పారీ, ఎఫ్‌ఎక్స్‌సీఎం పేర్లు రెండూ మన రిజర్వు బ్యాంకు తొలి జాబితాలో ఉన్నాయి. ఆ జాబితాలోనే ఉన్న ఆక్టా ఎఫ్‌ఎక్స్ 2021లో ఒక ఐపీఎల్ క్రికెట్ జట్టుకు అధికారిక ట్రేడింగ్ భాగస్వామిగా కూడా వ్యవహరించింది. ఆటగాళ్ల పక్కన పేరు చూసి నమ్మిన కుర్రవాళ్లను మేము తప్పుపట్టలేము.

'ఎదుటి పక్షం' అన్నాము. ఈ వ్యాపారపు అసలు కీలు అక్కడే ఉన్నది. ఎక్స్ఛేంజీలో మనం కొంటే ఎవరో అమ్ముతారు, బ్రోకరు కమిషను మాత్రం తీసుకుంటాడు. బయటి యాప్‌లలో చాలాచోట్ల మనకు అమ్మేది బ్రోకరే. మన నష్టమే అతని లాభం. దానికి తోడు 'ఒకటికి ఐదు వందల రెట్లు' అన్న పరపతి. 100 డాలర్లు కడితే 50,000 డాలర్ల విలువకు వ్యాపారం చేయనిస్తాడు. యూరో ధర 1.1000 డాలర్ల నుంచి 1.0978కి దిగితే, అంటే శాతంలో అయిదో వంతు కదిలితే, మన 100 డాలర్లూ హారతి కర్పూరం. ఆ మాత్రం కదలిక మామూలు రోజున కూడా వస్తుంది. ఐరోపా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్మా 2018లో సామాన్యులకు ఈ పరపతిని 30 రెట్లకు తగ్గించినప్పుడు, ఇటువంటి ఖాతాలలో 74 నుంచి 89 శాతం వరకు నష్టపోతున్నాయని వెల్లడించింది. అవి లైసెన్సు ఉన్న, లెక్కలు చూపిన బ్రోకర్ల ఖాతాలని గుర్తుంచుకోవాలి.

నమోదైన బ్రోకరు విషయంలో నిజాయితీని కనిపెట్టడానికి కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. లావాదేవీ జరిగిన 24 గంటలలో కాంట్రాక్టు నోటు పంపాలి. ఎక్స్ఛేంజీ నుంచి, డిపాజిటరీ నుంచి విడిగా సందేశాలు రావాలి, అవి నోటుతో సరిపోవాలి. నెలకు ఇంత లాభమని హామీ ఇచ్చే బ్రోకరు నిబంధన ఉల్లంఘించినట్లే. తేడా వస్తే సెబీ వారి స్కోర్స్ ద్వారా ఫిర్యాదు చేయవచ్చు. నమోదు లేని సంస్థ గురించి రిజర్వు బ్యాంకు 2016లో ప్రారంభించిన సచేత్‌కు తెలియజేయవచ్చు. సొమ్ము వెళ్లిపోయి ఉంటే ముందుగా చేయవలసినది 1930 నంబరుకు ఫోను. ఎంత త్వరగా చేస్తే, అవతలి ఖాతాలో సొమ్ము నిలుపుదల అయ్యే అవకాశం అంత ఎక్కువ. 6,380 కోట్ల రూపాయల ఆగ్రిగోల్డ్ వ్యవహారంలో డిపాజిటుదారులు ఏళ్ల తరబడి ఎదురుచూసినది మనకు తెలిసినదే. ఇక్కడ గంటలే లెక్క.

పెద్దాయన ఆదివారం సాయంత్రం 1930కి ఫోను చేశారు. మొదట సిగ్గుపడ్డారు. "ముప్పై ఏళ్లు రైలు పట్టాల కొలతలు చూసినవాణ్ణి, ఇది చూడలేకపోయాను" అన్నారు. కుమారుడు పక్కనే కూర్చుని లావాదేవీల సంఖ్యలు ఒక్కొక్కటి చదివి చెప్పాడు. ఫిర్యాదు సంఖ్య వచ్చింది. దానిని క్యాలెండరు వెనుక పెన్నుతో రాసుకున్నారు.

సోమవారం బ్యాంకు తెరిచే వేళకు ఆయనతో మేమూ వెళ్లాము. కౌంటరులోని అధికారిణి డిపాజిట్ రద్దు ఫారం ఇంకా కదపలేదు. "ఏమైంది, మనసు మార్చుకున్నారా?" అని అడిగి, ఫారం తిరిగి ఇచ్చింది. ఆయన దానిని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో ఉంచుకున్నారు. బయటికి వస్తుండగా ఫోను మోగింది. 'అంకుల్‌జీ' అన్న అదే గొంతు. "నీ సెబీ నంబరు చెప్పమ్మా" అన్నారు పెద్దాయన. అటువైపు మాట ఆగిపోయింది.

25,000 రూపాయలలో రెండవ దఫా పంపిన 10,000 అవతలి ఖాతాలో నిలుపుదల అయినట్లు తర్వాత కబురు వచ్చింది. మిగిలిన 15,000 అప్పటికే మరో మూడు ఖాతాలు దాటి వెళ్లిపోయిందన్నారు.